విద్యా రుణం – ఆదాయం: ఫిజియోథెరపీ డిగ్రీ ఒక ఉదాహరణ

ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• ఒక డిగ్రీకి అయ్యే అసలు వ్యయాన్ని లెక్కించగలుగుతారు.
• చదువు కాలంలో అప్పు ఎలా పెరుగుతుందో వివరించగలుగుతారు.
• నెలవారీ వాయిదాను తొలి జీతంతో పోల్చి చూడగలుగుతారు.

1. పరిచయం

చదువుకు చేసే ఖర్చును పెట్టుబడిగా చూడాలని థియోడర్ షుల్జ్, గారీ బెకర్ వంటి ఆర్థికవేత్తలు 1960 దశకంలో వాదించారు. దీన్నే మానవ మూలధన సిద్ధాంతం అంటారు. అయితే సొంత డబ్బు పెట్టుబడిగా పెట్టడం వేరు, అప్పు తెచ్చి పెట్టడం వేరు. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో "ఈ కోర్సుకు భవిష్యత్తు ఉందా సార్?" అని అడిగినవారు ఎందరో. "నెలకు వాయిదా ఎంత పడుతుంది?" అని అడిగినవారు బహు తక్కువ. మీలో చాలామంది ఉద్యోగం చేస్తూ చదువుతున్నారు. రేపు ఇంట్లో తమ్ముడో, చెల్లెలో, బిడ్డో ఫిజియోథెరపీలో చేరతానంటే ఆ లెక్క చూడవలసింది మీరే.

2. వ్యయం: కనిపించేది, కనిపించనిది

ఇంటర్మీడియట్‌లో బై.పి.సి. చదివినవారు బి.పి.టి.లో చేరవచ్చు. చాలాకాలంగా ఇది 4 సంవత్సరాల చదువు, 6 నెలల ఇంటర్న్‌షిప్‌తో సాగుతున్న కోర్సు. కొత్తగా చేరేవారు తమ కళాశాలలో వ్యవధి ఎంతో ముందే తెలుసుకోవాలి. ఫీజు, హాస్టలు, పుస్తకాలు ప్రత్యక్ష వ్యయం. చదువు కోసం వదులుకున్న సంపాదన అవకాశ వ్యయం. ఇంటరుతోనే నెలకు 10,000 రూపాయలు సంపాదించగలిగినవారు 54 నెలల్లో 5,40,000 రూపాయలు వదులుకున్నట్టే. ఈ అంకె బ్యాంకు కాగితాల్లో కనిపించదు.

3. అప్పు పెరిగే తీరు

మాదిరి విద్యా రుణ పథకం ప్రకారం 4 లక్షల రూపాయల వరకు బ్యాంకులు తనఖా అడగవు. తల్లి లేదా తండ్రి సహ రుణగ్రహీతగా సంతకం చేయాలి. చదువు కాలంలోను, ఆపైన ఒక సంవత్సరం వరకు వాయిదాలు కట్టనక్కరలేదు. ఈ విరామాన్నే మారటోరియం అంటారు. దీన్ని వడ్డీ లేని కాలమని చాలామంది పొరబడతారు. ఆగేది వసూలు మాత్రమే, వడ్డీ ఆగదు.

ఉదాహరణకు ఒక విద్యార్థిని ఏటా 1 లక్ష చొప్పున 4 లక్షలు తీసుకున్నదనుకుందాం. వడ్డీ 10 శాతం బారువడ్డీ, విరామం అయిదున్నరేళ్లు.

మొదటి లక్షపై వడ్డీ: 55,000
రెండవ లక్షపై: 45,000
మూడవ లక్షపై: 35,000
నాలుగవ లక్షపై: 25,000
మొత్తం వడ్డీ: 1,60,000

అంటే తొలి వాయిదా నాటికి అప్పు 5,60,000. దీన్ని 10 సంవత్సరాలలో తీర్చాలంటే నెలకు సుమారు 7,400 రూపాయలు కట్టాలి. 15 సంవత్సరాలకు పొడిగిస్తే వాయిదా సుమారు 6,020కి తగ్గుతుంది. కాని మొత్తం చెల్లింపు దాదాపు 1,95,000 పెరుగుతుంది. చదువుతున్నప్పుడే వడ్డీ కట్టుకుంటూ వస్తే 10 సంవత్సరాల వాయిదా సుమారు 5,290తో సరిపోతుంది. కుటుంబ వార్షికాదాయం 4.5 లక్షల లోపు ఉన్నవారికి, అర్హత గల కోర్సులకు, విరామ కాలపు వడ్డీని కేంద్ర ప్రభుత్వం భరించే పథకం ఉంది. ఆ కళాశాలకు అది వర్తిస్తుందో లేదో సంతకానికి ముందే బ్యాంకులో అడగాలి.

4. ఆదాయంతో పోలిక

తొలి జీతం 18,000 అనుకుందాం. అందులో వాయిదాకే 41 శాతం పోతుంది. మిగిలిన 10,600తో నగరంలో అద్దె, భోజనం, బస్సు ఖర్చు గడవాలి. ఇంకో విధంగా చూద్దాం. డిగ్రీ లేకున్నా 10,000 వచ్చేది. కాబట్టి డిగ్రీ తెచ్చిన అదనపు ఆదాయం 8,000 మాత్రమే. అందులో 7,400 వాయిదాకు పోగా మిగిలేది 600 రూపాయలు.

దీన్నిబట్టి ఈ చదువు దండగ అనుకోరాదు. పక్షవాతం వచ్చినవారికి, మోకాలి మార్పిడి శస్త్రచికిత్స అయినవారికి ఫిజియోథెరపీ అవసరం. అనుభవం పెరిగితే, ఇళ్లకు వెళ్లి చికిత్స చేస్తే ఆదాయమూ పెరుగుతుంది. కాని వాయిదా అంతవరకు ఆగదు. విదేశీ జీతాన్ని కూడా ఇప్పుడే లెక్కలో వేసుకోరాదు. అమెరికాలో పనిచేయాలంటే డిగ్రీ మూల్యాంకనం, లైసెన్సు పరీక్ష దాటాలి.

నా సలహా: వాయిదా తొలి జీతంలో నాలుగో వంతు మించకూడదు. 18,000 జీతానికి అది 4,500. వెనక్కి లెక్కిస్తే, పై షరతులతో తీసుకోదగిన అప్పు సుమారు 2,40,000. మిగతాది పొదుపు నుంచో, ఉపకార వేతనం నుంచో, తక్కువ ఫీజు ఉన్న కళాశాలను ఎంచుకోవడం ద్వారానో సమకూరాలి.

5. సారాంశం

అప్పు ఎంత ఇస్తారన్నది బ్యాంకు చెబుతుంది. ఎంత తీర్చగలమన్నది మనమే తేల్చుకోవాలి. కాబట్టి కళాశాలలో చేరే ముందే, ఆ కళాశాలలో ఇటీవల చదువు ముగించిన ముగ్గురు నలుగురిని కలిసి తొలి జీతం ఎంతో అడగండి. లెక్క ఆ అంకెతో మొదలుపెట్టండి.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. అవకాశ వ్యయం అంటే ఏమిటి? ఉదాహరణతో వివరించండి.
2. పై షరతులతోనే 3 లక్షల అప్పు తీసుకున్న విద్యార్థి తొలి జీతం 20,000 అయితే, వాయిదా నాలుగో వంతు లోపు ఉంటుందా? (సూచన: విరామం ముగిసేసరికి అప్పు 4,20,000 అవుతుందని, 10 సంవత్సరాలకు లక్షకు వాయిదా సుమారు 1,322 అని తీసుకోండి.)