మీకు తెలుసా? శానిటోరియంతో పోటీపడిన ఇరుకు ఇల్లు

క్షయ రోగిని గాలీ వెలుతురూ ఉన్న శానిటోరియంలో ఉంచినా, మద్రాసు పేదవాడల ఇరుకు ఇంట్లోనే ఉంచి మందులిచ్చినా, ఏడాది చివర ఫలితం దాదాపు ఒకటే!

1956లో మద్రాసులో మొదలైన ప్రయోగం ఇది. ఎవరు ఇంట్లో ఉండాలో, ఎవరు శానిటోరియానికి వెళ్లాలో డాక్టరు నిర్ణయించలేదు, రోగీ కోరుకోలేదు. యాదృచ్ఛికంగా కేటాయించారు. అసలు కిటుకు అక్కడే ఉంది. ఎంపిక డాక్టరుకే వదిలితే, బాగా నీరసించిన వాళ్లంతా ఒకవైపే చేరిపోవచ్చు. ఇక పోలిక ఎక్కడిది?

మందులు రెండు గుంపులకూ అవే: ఐసోనియాజిడ్, పి.ఎ.ఎస్. తిండి మాత్రం శానిటోరియం వాళ్లకే మెరుగు, బరువు కూడా వాళ్లే ఎక్కువ పెరిగారు. అయినా వ్యాధి అదుపులోకి వచ్చినవారు అక్కడ 92 శాతం, ఇళ్లలో 86 శాతం.

ఆ 6 శాతం తేడా మాటేమిటంటారా? గుంపుకు దాదాపు 80 మందే ఉన్నప్పుడు, రెండు పద్ధతులూ సరిసమానమైనా కేవలం కాకతాళీయంగా అటూ ఇటూ 10 శాతం దాకా తేడా రావచ్చు. గంట ఆకారపు నార్మల్ వక్రం ప్రకారం నూటికి 95 సార్లు తేడా ఆ హద్దులోనే ఉంటుంది. కాబట్టి ఈ 6 శాతాన్ని చూసి శానిటోరియమే మేలని తీర్పు చెప్పలేం.

అందరూ భయపడ్డది మరొకటి: ఇంట్లోవాళ్లకు అంటుకుంటుందేమోనని. కానీ శానిటోరియానికి వెళ్లిన రోగుల కుటుంబాల కన్నా ఇంట్లో ఉన్న రోగుల కుటుంబాలకేమీ ఎక్కువగా సోకలేదు. చికిత్స ఫలితాలను 1959లో ప్రచురించారు.