బంతి ఆడించిన బడిపంతులు

మా షేక్‌పేట నుంచి కాస్త పైకి వెళితే ఫిలింనగరు. అక్కడ కథానాయకుల కటౌట్లకు కొరత లేదు. 2024లో ‘మైదాన్’ అనే హిందీ చిత్రం వచ్చినప్పుడు మాత్రం మా వీధిలో ఉండే ఒక పెద్దాయన నన్ను ఆపి, “ఏమండీ లెక్చరరు గారూ! మన రహీం సాబును బొంబాయి వాళ్ళు చూపిస్తే గాని మీ పిల్లలకు తెలియదా?” అని అడిగారు. పిల్లల మాట అటుంచి, నాకు తెలిసినదీ అంతంత మాత్రమే. పుస్తకాలు తిరగవేయక తప్పింది కాదు.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో బి.ఏ. చదివారు, అక్కడి జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. వృత్తి ఉపాధ్యాయత్వం. ఆయన చేతిలో పడ్డ హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. కలకత్తా జట్లకు ఎదురు లేదనుకునే రోజులవి!

ఆయన పద్ధతి చూస్తే పంతులు గారి తరగతి గుర్తుకు వస్తుంది. కుడికాలి వాటం వాడిని ఎడమ కాలితోనే ఆడమనేవారు. బంతిని తన దగ్గరే అట్టిపెట్టుకోరాదని నియమం పెట్టి, పోటీలే నడిపించారు. బంతి వచ్చీ రాగానే తోటివాడికి అందించాలి. ఒక్కడి విద్వత్తుతో తరగతి గట్టెక్కదని నేనూ ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను, వినేవారే తక్కువ.

దేశపు జట్టుకు శిక్షకుడై 1951లో ఢిల్లీ ఏషియన్ క్రీడల్లో స్వర్ణం తెచ్చారు. 1952లో హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో చావుదెబ్బ తిన్నాము; మనవాళ్ళలో చాలామంది వట్టికాళ్ళతో ఆడారు మరి. అదే దేశం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో అంతకు మించి మనం ఎన్నడూ ఎక్కలేదు.

ఇక 1962, జకార్తా. అప్పటికే రహీం గారిని ఊపిరితిత్తుల కాన్సరు తినేస్తున్నది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో ఓటమి. తరువాత రక్షణ పంక్తిలోని జర్నైల్ సింగుకు నుదురు చిట్లి కుట్లు పడ్డాయి. మరొకరైతే అతణ్ణి కూర్చోబెట్టేవారే. రహీం గారు అతణ్ణి ముందు వరుసకు పంపారు! సెప్టెంబరు 4న ఫైనలు, మళ్ళీ కొరియాతోనే. మైదానమంతా మనకు వ్యతిరేకంగా కేకలు. పి.కె. బెనర్జీ ఒక గోలు, కట్టుకట్టిన తలతో జర్నైల్ ఒక గోలు కొట్టారు. 2–1. ఏషియన్ క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ స్వర్ణం తరువాత మనకు మరొకటి రాలేదు.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, ఆయన కన్నుమూశారు.

పెద్దాయనను నేనే సినిమాకు తీసుకువెళ్ళాను. ఫైనలు ఘట్టంలో జర్నైల్ కనబడగానే, “రెండో గోలు ఇతనిదే” అని ఆయన బిగ్గరగా అనేశారు. రేడియో దగ్గర విన్నవారాయె. పక్క సీటులోని పిల్ల విసుక్కుంది:

“తాతగారూ! ముందే చెప్పేస్తే ఎట్లాగండీ?”