స్వతంత్ర దర్శకురాలు అంటే ఎవరు?



మాది బుట్టాయగూడెం దగ్గర కొండల్లో కోయగూడెం. సెలవులకి వెళ్ళి నేను మొగల్తూరులో చదువుతున్నానని చెబితే అందరూ ఒకటే మాట అడుగుతారు, "చిరంజీవి ఊరేనా?" అని. పెద్దవాళ్ళయితే "కృష్ణంరాజు ఊరు" అంటారు. రెండూ నిజమే. ఇద్దరూ ఈ ఊళ్ళోనే పుట్టారు.

మొన్న సోషల్ టీచర్ గారు క్లాసులో "మీకు తెలిసిన సినిమా డైరెక్టర్ల పేర్లు చెప్పండి" అన్నారు. మేం గబగబా చెప్పాం. బోర్డు మీద పద్నాలుగు పేర్లు అయ్యాయి. టీచర్ గారు "ఇందులో ఆడవాళ్ళు ఎవరు?" అన్నారు. ఒక్కరూ లేరు. ఎవ్వరం మాట్లాడలేదు.

మరి ఆడవాళ్ళు సినిమాలు తీయలేదా? తీశారు. భానుమతి గారు 1953లో చండీరాణి సినిమాకి దర్శకత్వం చేశారు. అది తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో వచ్చింది. విజయనిర్మల గారు 1973లో మీనా సినిమా తీశారు. మొత్తం 44 సినిమాలకు దర్శకత్వం చేసి, ప్రపంచంలో ఎక్కువ సినిమాలు తీసిన మహిళగా 2002లో గిన్నిస్ బుక్కులోకి ఎక్కారు. 2019లో చనిపోయారు.

తరువాత టీచర్ గారు "ఇంకో రకం దర్శకురాలు కూడా ఉన్నారు, స్వతంత్ర దర్శకురాలు" అని దీపా ధన్‌రాజ్ గారి గురించి చెప్పారు. ఆమె తీసిన రెండు చిన్న సినిమాలు లాప్‌టాప్‌లో చూపించారు. నాకు అర్థమయినంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

స్వతంత్ర సినిమా అంటే ఏమిటి?

మనం టూరింగ్ హాల్లోనో, టీవీలోనో చూసే పెద్ద సినిమాకి నిర్మాత డబ్బు పెడతాడు. డబ్బు పెట్టినవాడు పాట కావాలంటే పాట పెట్టాలి, ఫైటు కావాలంటే ఫైటు పెట్టాలి. ఎందుకంటే ఆ డబ్బు టిక్కెట్ల మీద తిరిగి రావాలి. స్వతంత్ర సినిమా అలా కాదు. కొద్దిమంది కలిసి, కొద్ది డబ్బు పోగుచేసుకుని తీస్తారు. ఏం చూపించాలి, ఏం చూపించకూడదు అనేది వాళ్ళే నిర్ణయించుకుంటారు. పాటలు, హీరో ఉండకపోవచ్చు. నిజం మనుషులు, నిజం పని ఉంటాయి. నిజంగా జరిగేది చూపించే సినిమాని డాక్యుమెంటరీ అంటారు.

దీపా ధన్‌రాజ్ గారు ఎవరు?

ఆమె మన హైదరాబాదులో పుట్టారు. 1980లో ఆభా భయ్యా, మీరా రావ్, నవరోజ్ కాంట్రాక్టర్ అనేవారితో కలిసి యుగాంతర్ అనే చిన్న బృందం పెట్టారు. కెమెరా పని నవరోజ్ గారిది. ఆయన 2023లో చనిపోయారు. ఈ బృందం 1981 నుంచి 1983 లోపు నాలుగు సినిమాలు తీసింది. ఒక్కొక్కటీ సుమారు అరగంట.

మొదటిది మోల్‌కరీన్ (1981). పుణే పట్టణంలో ఇళ్ళల్లో గిన్నెలు తోమి బట్టలు ఉతికే పనిమనుషులు సంఘం పెట్టుకోవడం గురించి. రెండోది నిపాణీలో పొగాకు ఫ్యాక్టరీ ఆడవాళ్ళ గురించి (1982). మూడోది తెలుగులోదే, ఇది కథ మాత్రమేనా (1983). నాలుగోది సుదేశ (1983). హిమాలయాల కింద చెట్లు నరకనివ్వకుండా అడ్డం నిలబడిన చిప్కో ఉద్యమంలో సుదేశ అనే పల్లెటూరి ఆమె గురించి.

అప్పట్లో ఫోన్లో తీసినట్టు తీయడానికి కుదరదు. ఫిలిం రీలు కొనాలి. 16 ఎం.ఎం. ఫిలిం 400 అడుగుల చుట్ట కెమెరాలో వేస్తే సుమారు 11 నిమిషాల్లో అయిపోతుంది. తప్పు తీస్తే చెరపడానికి లేదు, డబ్బు పోయినట్టే. తీసిన రీలు కడిగించాలి, తర్వాత కత్తిరించి అతికించాలి. అందుకని ముందు కూచుని బాగా వినాలి, తర్వాతే కెమెరా పట్టాలి. నిపాణీలో వీళ్ళు నెలల తరబడి ఆ ఆడవాళ్ళ మధ్య ఉండి, వాళ్ళు చెప్పింది విని, ఏం తీయాలో వాళ్ళనే అడిగి తీశారు.

పొగాకు సినిమా

నిపాణీ కర్ణాటకలో బెళగావి జిల్లాలో ఉంది. మహారాష్ట్రకి పక్కనే కాబట్టి ఆ ఆడవాళ్ళు మరాఠీ మాట్లాడతారు. నాకు ఆ భాష రాదు, కింద ఇంగ్లీషు అక్షరాలు టీచర్ గారు చదివి చెప్పారు. కానీ చెప్పకముందే నాకు సగం అర్థమయిపోయింది. పొగాకు దుమ్ము గాల్లో తేలుతూ ఉంటుంది. ఆడవాళ్ళు ముక్కుకి గుడ్డ కట్టుకుని పని చేస్తుంటారు. మా అమ్మ కూడా అట్లాగే కట్టుకుంటుంది.

మా వైపు మెట్టలో వర్జీనియా పొగాకు వేస్తారు. మా అమ్మ పచ్చాకు కర్రలకి అల్లే పనికి వెళ్తుంది. ఆ కర్రల్ని బ్యారన్‌లో వేలాడదీసి కట్టెల మంటతో ఎండబెడతారు. పని నుంచి వచ్చాక అమ్మ చేతులు నల్లగా జిగురుగా ఉంటాయి. ఎంత సబ్బు రాసినా పోదు. ఆ చేత్తో తింటే అన్నం చేదు. చిన్నప్పుడు అమ్మ ముద్ద పెడితే నేను ఉమ్మేసేదాన్ని. ఆ సంగతి సినిమా చూస్తుంటే గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

నిపాణీ ఆడవాళ్ళు వేలమంది. వాళ్ళు సంఘం కట్టుకున్నారు, సమ్మె చేశారు. ఆ సంగతులన్నీ వాళ్ళ నోటితోనే చెప్పారు. నాకు ఎక్కువ నచ్చింది అదే.

తెలుగు సినిమా

ఇది కథ మాత్రమేనా సినిమాని హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన అనే ఆడవాళ్ళ సంఘంతో కలిసి తీశారు. పెళ్ళయిన ఆడమనిషి ఇంట్లో పడే బాధలు, దెబ్బలు గురించి. సంఘంలో వాళ్ళు కూచుని మాట్లాడుకుంటూ కథ అల్లుకున్నారు. పేరులోనే ప్రశ్న ఉంది చూడండి. చూసినవాళ్ళు "ఇది కథే కదా" అని లేచి వెళ్ళిపోకుండా ఆ పేరు పెట్టారని నేను అనుకున్నాను. ఇదే సంఘం వాళ్ళు 1986లో తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళని కలిసి, వాళ్ళు చెప్పిన సంగతులతో మనకు తెలియని మన చరిత్ర అనే పుస్తకం వేశారు.

తరువాతి సినిమాలు

దీపా గారు ఆ తర్వాత కూడా ఆగలేదు. 1984లో హైదరాబాదులో జరిగిన మత గొడవల గురించి క్యా హువా ఇస్ షహర్ కో అనే సినిమా 1986లో తీశారు. ఈ నగరానికి ఏమయ్యింది అని అర్థం. 1991లో సంథింగ్ లైక్ ఎ వార్ అనే సినిమా తీశారు. అది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల గురించి. ఒక్క క్యాంపులో వరసగా ఎన్ని ఆపరేషన్లు అయ్యాయి అని లెక్క చూసుకుంటారు గానీ ఆ ఆడమనిషిని ఏమీ అడగరు అని చూపించారు. 2018లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థి రోహిత్ వేముల 2016లో చనిపోయాక దళిత విద్యార్థులు చేసిన ఉద్యమం గురించి సినిమా తీశారు. 1981 నుంచి 2018 అంటే 37 ఏళ్ళు. మా అమ్మ వయసు కూడా అంత ఉండదు.

కష్టం కూడా ఉంది

ఇలాంటి సినిమాలు మామూలు హాళ్ళలో ఆడవు. ప్రొజెక్టరు మోసుకుని సంఘాల దగ్గరికి, బస్తీలకు వెళ్ళి చూపించాలి. డబ్బు మిగలదు, పేరు కూడా తొందరగా రాదు. రీళ్ళు పాతబడితే పాడయిపోతాయి. యుగాంతర్ సినిమాల్ని బెర్లిన్‌లో ఉన్న ఆర్సెనల్ అనే సినిమా సంస్థ తోడ్పాటుతో బాగుచేసి డిజిటల్ చేశారు. లేకపోతే మా క్లాసు చూడగలిగేది కాదు.

మా అమ్మని అడిగాను

పోయిన ఆదివారం అమ్మ మూడు బస్సులు మారి నన్ను చూడటానికి వచ్చింది. నేను కోయలో అడిగాను, "ఎవరన్నా కెమెరా తెచ్చి నీ పని గురించి అడిగితే ఏం చెప్తావే అమ్మా?" అని. అమ్మ నవ్వింది. "మా గురించి ఏముందే, ఆకు, పొగ" అంది. కొంచెంసేపు ఊరుకుని మళ్ళీ తనే చెప్పింది.

"మంచు తడి మీద ఆకు కోయిస్తారు. కోక అంతా తడిసిపోద్ది. తల తిరిగి వాంతులు అవుతాయి. మేస్త్రి, కొత్త కదా అలవాటయిపోద్ది అంటాడు. పదేళ్ళ నుంచీ కొత్తేనా నేను? అది చెప్తా."

నాకు ఈ సంగతి తెలీదు. "నాకెప్పుడూ చెప్పలేదేంటి?" అన్నాను. "నువ్వు అడగలేదు గదా" అంది.

సైన్సు టీచర్ గారిని అడిగితే, పచ్చాకులో నికోటిన్ ఉంటుంది, మంచు తడిలో కరిగి చర్మం గుండా ఒంట్లోకి పోతుంది, అందుకే వాంతులు అని చెప్పారు. అంటే అది అలవాటు లేకపోవడం కాదు, విషం. తడి ఆరాక కోయడం, చేతులకి తొడుగులు వేసుకోవడం, పని కాగానే ఒళ్ళు కడుక్కోవడం చేస్తే తగ్గుతుందంట. అమ్మకి ఉత్తరం రాశాను. అమ్మకి చదవడం రాదు, పక్కింటి అన్నతో చదివించుకోమన్నాను.

మన దగ్గర కెమెరా లేదు. కానీ దీపా గారు చేసిన మొదటి పని కెమెరా లేకపోయినా చేయొచ్చు. అందుకని సంక్రాంతి సెలవుల్లో ప్రతి ఒక్కరం ఇంట్లో అమ్మనో, అవ్వనో, పిన్నినో వాళ్ళ పని గురించి అడిగి రాసుకుని వద్దాం. మన మాటలు కలపకుండా వాళ్ళు చెప్పింది చెప్పినట్టే రాయాలి. రాసింది వాళ్ళకి చదివి వినిపించాలి. వద్దన్న మాట కొట్టెయ్యాలి. వార్డెన్ మేడం గారు ఒప్పుకుంటే సెలవుల తర్వాత మన గోడపత్రిక మొత్తం అవే పెడదాం. మాది ముందుగా అంటిస్తాను, మా అమ్మ సరే అంది.

తప్పులుంటే క్షమించగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని