ప్రతిరక్షకముల లెక్క: అపోహలు – వాస్తవములు

కేన్సరు శస్త్రచికిత్సకు ముందు రక్తపరీక్ష కాగితమును చేతబట్టుకొని, ‘ఐజీజీ’ (రక్తమునందలి ముఖ్యమైన ప్రతిరక్షకము) అను అక్షరముల కెదుట క్రిందికి గీచిన బాణపు గుర్తును మాటిమాటికి చూచుకొనుచు, “మా నాన్న ఆపరేషను తట్టుకొనునా?” యని కంటతడి పెట్టు కుమార్తెకు ఆ గుర్తు చెప్పునదేమో, చెప్పనిదేమో శాంతముగా వివరించుట మన ధర్మము.

అపోహ: కేన్సరు రోగులందరికిని ఈ ప్రతిరక్షకముల పరీక్ష తప్పనిసరి.

వాస్తవము: కాదు. ప్రతిరక్షకములను పుట్టించు కణముల యందే జనించు లింఫోమా, మల్టిపుల్ మైలోమా వంటి వ్యాధులు కలవారికిని, ఆ కణములను తగ్గించు రిటుక్సిమాబ్ వంటి మందులు పొందినవారికిని, పదేపదే న్యుమోనియా పాలగువారికిని ఇది మిక్కిలి ప్రయోజనకరము. రొమ్మునందో పేగునందో గడ్డ గలవారికి సాధారణముగా అవసరపడదు.

అపోహ: అంకె హెచ్చినకొలది రక్షణ హెచ్చును.

వాస్తవము: మైలోమాలో ఒకే కణపు సంతతి హద్దుమీరి పెరిగి, ఒకే తీరు ప్రోటీనుతో రక్తమును నింపుటచే మొత్తము హెచ్చుగా కనబడును గాని, సూక్ష్మజీవుల నెదుర్కొను తక్కిన ప్రతిరక్షకములు తరచుగా క్షీణించియే యుండును.

అపోహ: ఆపరేషను మరునాడు అంకె తగ్గినచో వ్యాధి ముదిరినట్లే.

వాస్తవము: రక్తస్రావము చేతను, సెలైనుతో రక్తము పలుచబడుట చేతను ఆ తగ్గుదల కలుగవచ్చును. ఐజీజీ అర్ధాయువు, అనగా అది సగమగుటకు పట్టు కాలము, సుమారు 21 దినములు. కావున కొన్ని వారములు గడచిన పిదప మరల కొలిచిన ఫలితమే నమ్మదగినది.

అపోహ: ఐజీజీ తగ్గినచో ఇమ్యునోగ్లోబ్యులిన్ అను ప్రతిరక్షకముల మందును తక్షణమే ఎక్కింపవలెను.

వాస్తవము: దాతల ప్లాస్మా నుండి తీయు ఆ మందు ఖరీదైనది, రక్తము గడ్డకట్టుట, మూత్రపిండములు దెబ్బతినుట వంటి అపాయములును లేకపోలేదు. కేవలము అంకెను చూచి గాక, తీవ్రమైన అంటురోగములు మరల మరల వచ్చుచున్నవా యని విచారించియే వైద్యులు దానిని నిర్ణయింతురు.

అపోహ: శస్త్రచికిత్సకు ముందు టీకాలు ప్రమాదకరము.

వాస్తవము: ప్లీహమును తొలగింపవలసిన వారికి న్యుమోకాకస్, మెనింజోకాకస్, హిబ్ టీకాలను వీలైనంతవరకు కనీసము 2 వారములు ముందే వేయుట మేలు; ఏలయన ప్రతిరక్షకములు సిద్ధమగుటకు ఆ వ్యవధి కావలెను.

కనుక పాఠకులారా, బాణపు గుర్తును చూచి బెంగపడకుడు. ఏ వ్యాధికి, ఏ దినమున, ఏ మందు పిదప ఆ రక్తము తీసిరో వైద్యునితో కూర్చుండి తెలిసికొనుడు. టీకాల సంగతి ఆపరేషను తేదీ నిశ్చయించునాడే అడుగుడు.