మెట్టసీమలో గోధుమ కమతము

ఎకరము అంతటను ఒకే కొలత. కాని ఎకరమిచ్చు ఫలసాయము అంతటను ఒకటి కాదు. కెనడా దేశమందలి సస్కాచెవాన్ రాష్ట్రపు చరిత్ర ఈ సత్యమును చక్కగా తెలుపును.

1872లో కెనడా ప్రభుత్వము పడమటి మైదానములను వలస వచ్చువారికి పంచదలచి యొక చట్టము చేసెను. 10 డాలర్ల రుసుము చెల్లించి, అచట నివసించి సాగుచేయు కుటుంబయజమానునకు 160 ఎకరములు లభించెను. వానలు మెండుగా గల సీమలో నది పెద్ద కమతమే. కాని సస్కాచెవాన్ దక్షిణభాగము మెట్టసీమ. అచట మంచుతో గూడ ఏటి వర్షము సుమారు 350 మిల్లీమీటర్లే. ఒక్క ఏటి వాన పంటకు చాలదని రైతులు పొలములో కొంతభాగమును ఏడాదిపాటు బీడుపెట్టి నేలలో పదును నిలుపుకొనుచుండిరి. సగము బీడుంచినచో 160 ఎకరములలో పండునది 80 ఎకరములే గదా!

1930వ దశాబ్దమున ఘోరమైన అనావృష్టి సంభవించెను. 1937లో ఆ రాష్ట్రమున ఎకరమునకు సగటున 80 కిలోల గోధుమయైనను పండలేదు. పెక్కు కుటుంబములు పొలములను విడిచిపోయెను.

పిమ్మట యంత్రములు ప్రబలెను. ఒక కోతయంత్రమునకు ఏటికి 16,000 డాలర్లు వ్యయమగుననుకొందము. 160 ఎకరముల కమతములో అది ఎకరమునకు 100 డాలర్లు పడును. 1,600 ఎకరములలో 10 డాలర్లే పడును. పొలము చిన్నదని యంత్రము వెల తగ్గదు. కావున నిలిచిన రైతులు పొరుగుభూములను కొనియు, కౌలుకు దీసికొనియు కమతములను పెంచుకొనిరి. 1936లో సుమారు 1,42,000 కమతములుండగా, 2021 నాటికి సుమారు 34,000 మాత్రమే మిగిలెను.

అట్లని పెరుగుదలకు హద్దు లేదనరాదు. విత్తుటకు అదను కొలది వారములే. ఆ అదనులో ఒక యంత్రము విత్తగల మేర దాటినచో మరియొక యంత్రము, కూలి, క్రొత్త అప్పు వలయును. వాన తప్పిన యేట పెద్ద కమతపు నష్టమును పెద్దదే. నేడచట బీడుపెట్టుట చాలవరకు తగ్గినది; రైతులు నేలను దున్నక, కోసిన పైరు మోళ్ల నడుమనే విత్తి పదును కాపాడుచున్నారు.

కమతములు పెరిగినకొలది ఇండ్లు తగ్గెను. పిల్లలు లేక పల్లెబడులు మూతపడెను. ఊరి అంగళ్లు పెక్కు అంతరించెను. ఎకరమునకు వ్యయము తగ్గుట రైతు లెక్కలో లాభము. బడి మూతపడుట ఆ లెక్కకు ఎక్కని నష్టము. కమతపు పరిమాణమును గూర్చి యోచించువారు ఈ రెంటిని గమనింపవలెను.