చిన్న మరపడవకు తగిన చోదకము

వేసవిలో గోదావరిపై లాంచీ ప్రయాణము చేసినవారికి ఒక దృశ్యము పరిచితమే. నది నడుమనే లాంచీ వేగము తగ్గును. పడవవాడు ముందు నిలిచి గడతో లోతు చూచుచు, కుడికనియు ఎడమకనియు కేకవేయును. ఇసుక మేట దాటువరకు సరంగు చేయి యంత్రముపైనను, చూపు నీటిపైనను ఉండును. మరపడవ కొనదలచినవారు మొదట ఆలోచింపవలసిన విషయము ఆ దృశ్యములోనే ఉన్నదని మా అభిప్రాయము. పడవ ఎంత వేగముగా పోగలదో అమ్మువాడు అడుగకయే చెప్పును. ఎంత నెమ్మదిగా, ఎంత భద్రముగా పోగలదో మనమే అడిగి తెలిసికొనవలెను.

యంత్రశక్తిని నీటికి అందించునది ప్రొపెల్లర్. పూర్వపు పద్ధతిలో యంత్రము పడవలోపల ఉండును. పొడవైన ఇరుసు పడవ అడుగునుండి ఏటవాలుగా నీటిలోనికి దిగును. ఇరుసు చివర ప్రొపెల్లర్, దాని వెనుక చుక్కాని అమరియుండును. నీటిలో ఈడ్వబడు ఈ భాగములన్నియు వేగమును కొంత హరించును. 1909లో అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ విక్రయమునకు తెచ్చిన యంత్రము దీనికి భిన్నమైనది. అది పడవ వెలుపల, వెనుక పలకకు తగిలించునట్టిది. చిన్న పడవలకు నేటికిని ఆ పద్ధతియే మిక్కిలి వాడుకలో నున్నది.

ఈ రెండు పద్ధతుల సుగుణములను కలుపవలెనను ప్రయత్నమునుండి పుట్టినది స్టెర్న్ డ్రైవ్. స్వీడన్ దేశపు వోల్వో పెంటా సంస్థ 1959లో ఆక్వామాటిక్ అను పేర దీనిని వెలువరించినది. జిమ్ విన్ అను అమెరికా ఇంజనీరు ఆలోచన దానికి మూలము. ఇందు యంత్రము పడవలోపల, అమరమునొద్ద, అనగా వెనుక కొసను, ఉండును. దాని శక్తి వెనుక పలకగుండా వెలుపలికి వచ్చి, కాలువలె వ్రేలాడు ఒక భాగములోని పళ్ళచక్రముల ద్వారా క్రిందనున్న ప్రొపెల్లరును చేరును. ఆ కాలు కుడియెడమలకు తిరుగును గనుక వేరే చుక్కానితో పనిలేదు. అవసరమైనపుడు పైకి లేచును గనుక లోతు తక్కువగు చోట దానిని కాపాడుకొనవచ్చును.

ఈ సుఖమునకు వెల లేకపోలేదు. వెనుక పలకలోని రంధ్రమును కప్పుచు, కొలిమితిత్తివలె మడతలు గల రబ్బరు తొడుగు ఒకటి ఉండును. అది చిరిగినచో నీరు పడవలోనికి వచ్చును. సాయంకాలము రేవున కట్టిన పడవ తెల్లవారుసరికి మునిగియుండుటకు ఆ చిన్న చిరుగు చాలును. కావున దానిని తరచు పరీక్షించి, తయారు చేసినవారు చెప్పిన గడువునకు తప్పక మార్పింపవలెను. ఉప్పునీటిలో అల్యూమినియము కాలు తినివేయబడకుండ జింకు ముక్కలను బిగింతురు. అవి తాము అరిగి కాలును కాపాడును. మంచినీటిలో ఈ పనికి మెగ్నీషియము మేలు.

రెండవది సర్ఫేస్ డ్రైవ్. నీటి ఉపరితలమున తిరుగు ప్రొపెల్లరును ఆల్బర్ట్ హిక్‌మన్ ఇరువదవ శతాబ్ది తొలి దశకములలోనే పడవలకు వాడెను. కాలిఫోర్నియాకు చెందిన హోవర్డ్ ఆర్నెసన్ రూపొందించిన చోదకము 1980 దశకమున దీనికి కొత్త ప్రచారము తెచ్చినది. ఇందు ఇరుసు పడవ వెనుకకు, ఇంచుమించు నీటిమట్టమునకు సమముగా చాగియుండును. పడవ వేగమందుకొన్నపుడు ప్రొపెల్లరు సగము నీటిలోను, సగము గాలిలోను తిరుగును. పడవను వెనుకకు లాగు భాగములు నీటిలో మిక్కిలి తక్కువ.

మరియొక లాభము గలదు. నీటిలో పూర్తిగా మునిగిన ప్రొపెల్లరు అతివేగముగా తిరిగినపుడు రెక్కల వెనుక ఒత్తిడి తగ్గి, నీరు ఆవిరి బుడగలుగా మారును. ఆ బుడగలు పగులునపుడు లోహము గుంటలు పడును. సర్ఫేస్ డ్రైవులో రెక్క గాలిని వెంటబెట్టుకొని నీటిలోనికి దిగును. ఆవిరికి బదులు గాలి ఆ ఖాళీని నింపును గనుక రెక్కలకు ఆ హాని చాలవరకు తప్పును.

అయినచో అందరును దీనినే ఏల కొనరాదు? దీని గుణము వేగములోనే బయటపడును. 40 నాట్లు, అనగా గంటకు సుమారు 74 కిలోమీటర్లు, దాటిన వేగములలోనే దీని మేలు స్పష్టము. నిలిచియున్న పడవలో ప్రొపెల్లరు పూర్తిగా మునిగియుండును. పెద్ద రెక్కలను ఆ స్థితిలో త్రిప్పి, బరువైన పడవను నీటిపైకి లేపుటకు యంత్రము చాల శ్రమపడును. నలుగురికి బదులు ఎనమండుగురు ఎక్కిన నాడు ఆ శ్రమ మరింత. వెనుకకు నడిపినపుడు ప్రొపెల్లరు త్రోసిన నీరు వెనుక పలకకే తగిలి బలము తగ్గును. రెక్కలు పడవకు చాల వెనుకగా ఉండుటచే, రేవున ఈదువారి విషయమున మిక్కిలి జాగ్రత్త అవసరము.

కావున కొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడని మా మనవి. పడవ తిరుగు గంటలలో అతివేగపు గంటలెన్ని? ఎక్కువారి బరువు దినదినము మారునా? పడవ చేరు రేవు ఇరుకైనదా, జనసమ్మర్దము గలదా? విశాలమైన నీటిపై, ఒకే తీరు బరువుతో, దూరములు వేగముగా పోవలసినవారికి సర్ఫేస్ డ్రైవ్ తగును. కుటుంబముతో విహరించి, సాయంకాలము రేవు చేరు వారికి స్టెర్న్ డ్రైవే మేలు. అడుగడుగున ఇసుక మేటలున్న నదికి ఈ రెండును సరిపడవు. అట్టివారు న్యూజిలాండు నిస్సార నదులకొరకు విలియమ్ హామిల్టన్ 1950 దశకమున రూపొందించిన జెట్ పద్ధతిని పరిశీలింపవలెను. అందు పడవ అడుగున వ్రేలాడు ప్రొపెల్లరే లేదు.

చివరగా ఒక మాట. బేరము కుదుర్చుకొనుటకు ముందు ఆ పడవను నిండు బరువుతో నీటిపైకి తీసికొనిపోవుడు. నది నడుమ దాని పరుగును చూచినది చాలదు. ప్రవాహమునకు ఎదురుగా నెమ్మదిగా రేవునకు తెచ్చి, ఒకమారు వెనుకకు నడిపి, ఉన్నచోటనే నిలిపి చూడుడు. పిల్లలు ఎక్కి దిగునది అక్కడనే. అక్కడ మాట వినిన పడవనే ఇంటికి తెచ్చుకొనుడు.