రైలులో గాయపడితే ఒక న్యాయం, రోడ్డు మీద పడితే మరో న్యాయం

బిలాస్‌పూర్: గేవ్రా రోడ్ నుంచి బిలాస్‌పూర్ వస్తున్న మెము ప్యాసింజర్ రైలు 2025 నవంబర్ 4వ తేదీ సాయంత్రం లాల్‌ఖదాన్ సమీపంలో గూడ్సు రైలును వెనుక నుంచి ఢీకొన్నది. ప్యాసింజర్ ముందు పెట్టె గూడ్సు వ్యాగన్‌పైకి ఎక్కిపోయింది. పది మందికి పైగా మరణించగా, ఇరవై మంది వరకు గాయపడ్డారు. ప్రమాదం జరిగిన కొద్ది గంటలలోనే రైల్వే యంత్రాంగం మృతుల కుటుంబాలకు 10 లక్షలు, తీవ్రంగా గాయపడిన వారికి 5 లక్షలు, స్వల్ప గాయాలైన వారికి లక్ష రూపాయల చొప్పున ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది. తప్పు ఎవరిదన్న విచారణ అప్పటికి ఇంకా మొదలు కాలేదు.

ఈ సాయంతో నిమిత్తం లేకుండా, బాధితులకు చట్టరీత్యా సంక్రమించే నష్టపరిహారం వేరే ఉన్నది. 1989 నాటి రైల్వే చట్టం 124వ సెక్షన్ ప్రకారం రైలు ప్రమాదంలో గాయపడిన ప్రయాణికుడు రైల్వే సిబ్బంది నిర్లక్ష్యాన్ని రుజువు చేయనవసరం లేదు. మరణానికి పరిహారాన్ని 2017 జనవరి 1 నుంచి 8 లక్షల రూపాయలుగా నిర్ణయించారు. చేయి పోతే ఎంత, కన్ను పోతే ఎంత అన్నది కూడా నియమావళిలోని పట్టికలో ఉన్నది. మృతుని వద్ద టికెట్టు దొరకనంత మాత్రాన అతడు ప్రయాణికుడు కాదనలేమని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయితే సంఘటన జరిగిన ఏడాదిలోగా రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో దరఖాస్తు దాఖలు చేయవలసి ఉంటుంది. జాప్యానికి తగిన కారణం చూపితే ట్రిబ్యునల్ మన్నించవచ్చు.

బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు కూడా స్థిరపడిన పట్టణం బిలాస్‌పూర్. ఇక్కడి రైల్వే ఉద్యోగులకు ఈ నిబంధనలు కొత్త కావు. కానీ అదే ప్రయాణికుడు క్షేమంగా రైలు దిగి, స్టేషన్ బయట నగరపాలక సంస్థ రోడ్డుపై మూత లేని మురుగు కాలువలో పడి కాలు విరగ్గొట్టుకుంటే? అతనికి ట్రిబ్యునల్ లేదు, పట్టిక లేదు. సివిల్ కోర్టుకు వెళ్లి, రోడ్డు బాగోగులు చూడవలసిన బాధ్యత ఫలానా సంస్థదేననీ, దాని నిర్లక్ష్యం వల్లనే తనకు గాయమైందనీ నిరూపించుకోవాలి. దావాకు ముందు నోటీసు ఇవ్వాలి. చట్టం కింద చేసిన పనికి, లేదా చేయక విడిచిన పనికి సంబంధించిన దావా అయితే గడువు ఒక్క సంవత్సరమే. మంచం మీద ఆరు నెలలు గడిపిన మనిషికి అది ఏమంత పెద్ద వ్యవధి కాదు.

ఇటువంటి కేసులలో ప్రజలు గెలిచిన సందర్భాలు లేకపోలేదు. ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియార స్తంభం కూలి కొందరు మరణించిన కేసులో సుప్రీంకోర్టు 1966లో మునిసిపల్ కార్పొరేషన్‌నే బాధ్యురాలిని చేసింది. 80 ఏళ్ల నాటి ఆ కట్టడాన్ని తగిన విధంగా తనిఖీ చేయించలేదనీ, కూలిపోవటమే నిర్లక్ష్యానికి నిదర్శనమనీ అభిప్రాయపడింది. చెట్ల విషయంలో మాత్రం న్యాయస్థానం రెండు విధాల మాట్లాడింది. రాజ్‌కోట్‌లో ఆఫీసుకు నడిచి వెళుతున్న ఉద్యోగిపై రోడ్డు పక్కనున్న చెట్టు కూలి మరణించగా, కార్పొరేషన్‌కు బాధ్యత లేదని 1997లో తీర్పు వచ్చింది. ఢిల్లీలో స్కూటరుపై వెళుతున్న వ్యక్తి తలపై కొమ్మ విరిగిపడి మరణించిన కేసులో 1999లో కార్పొరేషన్‌దే బాధ్యత అన్నది. చెట్టు కూలిందా, కొమ్మ విరిగిందా అన్నదానిపై వితంతువు బతుకుతెరువు ఆధారపడటం చిత్రమే.

సమస్య చిన్నదేమీ కాదు. 2013 నుంచి 2017 వరకు ఐదేళ్లలో రోడ్లపై గుంతల కారణంగా 14,926 మంది మరణించినట్లు లెక్కలు తేలగా, ఇది ఆమోదయోగ్యం కాదని 2018 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. సికింద్రాబాద్ కళాసిగూడలో 2023 ఏప్రిల్‌లో వర్షం కురుస్తుండగా ఓ బాలిక తెరిచి ఉన్న నాలాలో పడి మరణించింది. హైదరాబాద్ మహానగర పాలక సంస్థ ఇద్దరు ఉద్యోగులను సస్పెండ్ చేసి, ఆ కుటుంబానికి రెండు లక్షల రూపాయలు ప్రకటించింది. అది హక్కుగా లభించినది కాదు, దయతో ఇచ్చినది.

బీమా ఆదుకుంటుందనుకోవడం కూడా పొరబాటే. గుంతలో ద్విచక్ర వాహనం దానంతట అది పడిపోతే ఎదుటి వాహనం ఉండదు గనుక థర్డ్ పార్టీ క్లెయిము నిలవదు. యజమానికి తప్పనిసరి చేసిన 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా మరణానికి, శాశ్వత వైకల్యానికే పరిమితం. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం నాసిరకం రోడ్డు వేసిన కాంట్రాక్టరుకు, సంబంధిత అధికార సంస్థకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఆ సొమ్ము మోటారు వాహన ప్రమాదాల నిధికి వెళుతుంది. కాలు విరిగిన వాని చేతికి నేరుగా రాదు.

ఈ పరిస్థితిలో బొంబాయి హైకోర్టు 2025 అక్టోబర్‌లో ఇచ్చిన ఉత్తర్వులు గమనార్హం. గుంతలు, తెరిచి ఉన్న మ్యాన్‌హోళ్ల వల్ల మరణిస్తే 6 లక్షలు, గాయపడితే తీవ్రతను బట్టి 50 వేల నుంచి రెండున్నర లక్షల వరకు చెల్లించాలని స్థానిక సంస్థలను ఆదేశించింది. మునిసిపల్ కమిషనర్, జిల్లా న్యాయసేవల సంస్థ కార్యదర్శితో కమిటీ ఏర్పరచి, దరఖాస్తు అందిన ఆరు నుంచి ఎనిమిది వారాలలో సొమ్ము ముట్టజెప్పాలన్నది. ఆ మొత్తాన్ని బాధ్యులైన అధికారులు, కాంట్రాక్టర్ల నుంచి రాబట్టుకోవచ్చునన్నది. అయితే ఈ ఉత్తర్వులు మహారాష్ట్రలోని సంస్థలను ఉద్దేశించినవి. బిలాస్‌పూర్‌లోనే ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఉన్నా, అక్కడి బాధితుడు దీనిని ఉదాహరణగా చూపి వాదించగలడే తప్ప హక్కుగా అడగలేడు.

అంతవరకు పేదవానికి ఉన్న దగ్గరి దారి జిల్లా న్యాయసేవల సంస్థ. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని నియమిస్తారు. పారిశుధ్యం, నీటి సరఫరా, విద్యుత్ సేవలకు సంబంధించిన వివాదమైతే శాశ్వత లోక్ అదాలత్‌ను ఆశ్రయించవచ్చు. అక్కడ కోర్టు ఫీజు ఉండదు. మురుగు కాలువ మూత ఆ కోవలోకి వస్తుందని వాదించవచ్చు. రోడ్డు మీది గుంత మాత్రం ఆ జాబితాలో పేరు పెట్టి లేదు. ఏ దారిన వెళ్లినా పడిన చోటు ఫోటో, ఆసుపత్రి చీటీ, పోలీసు స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు నకలు అవసరమవుతాయి. గుంతను మరునాడే పూడ్చివేసే ఉత్సాహం సిబ్బందికి ఇటువంటప్పుడే వస్తుంది కనుక, ఫోటో ముందు తీయించుకోవడం మంచిది.